లేని హైడ్రెంటుకు అడ్డం పెట్టకండి

కేంద్రం 1989లో తెచ్చి 2017 దాకా నడిపిన రోడ్డు నిబంధనల్లో పదిహేనోది పార్కింగు గురించి. బస్టాపు దగ్గర, బడి, దవాఖాన గేట్ల దగ్గర బండి ఆపొద్దు, ట్రాఫిక్ బోర్డుకు అడ్డం పెట్టొద్దు అంటూ ఆ వరసలోనే మంటలార్పడానికి నీళ్లిచ్చే ఫైర్ హైడ్రెంటునూ చేర్చింది. సిద్దిపేట బండ్లవాళ్లు ఇంత నిష్ఠగా పాటించిన నిబంధన ఇంకోటి ఉండదు. అడ్డం పెడదామన్నా ముందు హైడ్రెంటు కనబడాలి కదా! అపార్టుమెంట్ల లోపల ఎర్ర పైపులుంటాయి గానీ, నడివీధిలో నిలబడ్డ హైడ్రెంటు మన పట్టణాల్లో అరుదు. అలాగని అలాంటి నిబంధన వద్దనను. మన ఊళ్లో హైడ్రెంటు పని వేరేవి చేస్తున్నాయి కాబట్టి, దాన్ని వాటికి బదిలీ చేయమంటాను.

న్యూయార్క్‌లో హైడ్రెంటుకు 15 అడుగుల లోపు కారు ఆపితే జరిమానా. ఎండాకాలం పిల్లలు దాని నీళ్లలో తడవాలంటే పెద్దవాళ్లెవరైనా ఫైర్ స్టేషన్‌కు పోయి జల్లు మూత అడిగి తెచ్చుకోవాలి. మూత లేకుండా తిప్పితే నిమిషానికి వెయ్యి గ్యాలన్లకు పైగా, అంటే మన లెక్కలో 3,800 లీటర్లు రోడ్డుపాలు. పక్క వీధిలో మంటలంటుకుంటే అక్కడి పైపులో ఒత్తిడి ఉండదు. ఈ నిబంధనలన్నిటికీ ఆధారం ఒక్కటే: అక్కడి పైపు రాత్రింబవళ్లు నిండుగా ఉంటుంది. మన నల్లాకేమో ఒక టైమ్ ఉంటుంది. మంట ఆ టైమ్ కనుక్కుని అంటుకోదు.

మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న మొదలైంది ఇదే జిల్లా కోమటిబండలో కదా, ఆ పైపుకే హైడ్రెంట్లు బిగిస్తే సరిపోదా అనొచ్చు. అది తాగునీటి లెక్క, మున్సిపాలిటీల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు. మంటల లెక్క వేరు. జనాభాను వేలల్లో రాసి, వర్గమూలం తీసి, వందతో గుణిస్తే రోజుకు కావలసిన కిలోలీటర్లు వస్తాయని కేంద్ర ప్రజారోగ్య ఇంజినీర్ల మాన్యువల్ సూత్రం. లక్ష జనాభా అనుకుంటే పది లక్షల లీటర్లు! పైగా హైడ్రెంటు బిగించిన తెల్లారే బిందెలు బారులు తీరతాయి, దసరాకు దానికి పసుపూ కుంకుమా అందుతాయి, మర్నాటికి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ వేలాడుతుంది. బిందెలను నేను తప్పుపట్టను. ఫ్లెక్సీనే కొంచెం.

ఫైరింజను నీళ్లు మోసుకొస్తుందిగా అన్నది ఇంకో మాట. వస్తుంది. 4,500 లీటర్ల ట్యాంకులోంచి నిమిషానికి వెయ్యి లీటర్లు తోడితే నాలుగున్నర నిమిషాల్లో అడుగంటుతుంది. ఆ తర్వాత నింపుకోవడానికి చెరువో, బోరో, ట్యాంకరో దిక్కు. కాబట్టి ఫైరింజను తిరగాల్సిన సందు మొదలూ, అది నీళ్లు పట్టుకునే చెరువుగట్టూ మన అసలు హైడ్రెంట్లు. 15 అడుగుల గీత అక్కడ గీయాలి. సందు మొదట్లో మిర్చిబజ్జీల బండి పెట్టుకున్నవాడి పొట్ట కొడతారా అంటే, అక్కర్లేదు. దానికి చక్రాలున్నాయి, పిలిస్తే పలికే మనిషీ ఉన్నాడు, నిమిషంలో జరుగుతుంది. హ్యాండిల్ లాక్ వేసి పెళ్లి భోజనానికి పోయిన మోటారు సైకిలే జరగదు. ఇక, అక్కడ నో పార్కింగ్ బోర్డు పెడితే సరిగ్గా దాని ముందే కారు ఆపుతారన్న అభ్యంతరం ఒకటి మిగిలింది. ఆపనివ్వండి. ట్రాఫిక్ బోర్డుకు అడ్డం పెట్టడమూ ఆ పదిహేనో నిబంధన వద్దన్నదే, పైగా బోర్డయితే పోలీసుకు కనబడుతుంది.