ఓర్పు ఎవరి మీద?

నేపాల్‌లో రాజరికం 2008లో పోయింది. ఆ తర్వాత ఒక్క ప్రధానీ ఐదేళ్లు నిండా ఏలిన పాపాన పోలేదు. ప్రచండ, దేవ్‌బా, ఓలీ వంతులేసుకుని మరీ గద్దె ఎక్కారు, దిగారు. 2010లోనైతే ప్రధానిని ఎన్నుకోవడానికి పార్లమెంటు సభ్యులు 16 సార్లు ఓట్లేసినా తేలలేదు. ఏడు నెలల తంటా తర్వాత 17వ సారి ఝలనాథ్ ఖనాల్ గట్టెక్కారు. ఎక్కిన ఆయనా ఏడు నెలలు నిండకుండానే దిగిపోయారు!

దాంతో ‘రాజుగారే నయం’ అంటూ 2025 మార్చిలో కాఠ్మాండూలో ఊరేగింపులు. నయమే మరి! ఆ రాజు జ్ఞానేంద్ర గారే 2005 ఫిబ్రవరిలో ప్రభుత్వాన్ని ఇంటికి పంపి, మూడేళ్లలో అంతా చక్కబెడతానన్నారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌కే జనం దెబ్బకు దిగొచ్చి, పార్లమెంటును మళ్లీ పిలిచారు.

అలాగని నాయకులు గురకపెట్టి నిద్రపోనక్కర్లేదు. 2025 సెప్టెంబరులో సోషల్ మీడియాకు తాళం వేసి, ఇదేమని అడిగిన కుర్రాళ్ల మీద తూటాలు పేల్చిన ఓలీ సర్కారు మర్నాడే కూలింది. అదే ఊపులో పార్లమెంటు భవనమూ తగలబడింది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

నేపాలీ సోదరులారా! నాయకుల మీద ఓర్పు పోతే పోనివ్వండి, ఓటు మీద మాత్రం ఉంచుకోండి. ఓలీ లాంటి నాయకుణ్ని దించడానికి ఒక ఎన్నిక చాలు. రాజుల షా వంశాన్ని దించడానికి మీకు 240 ఏళ్లు పట్టింది.