నాలుగు బాక్సులకు మహాయజ్ఞం

ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్. కింద ఒక ‘సేవ్’ బటన్. చిన్న లైనక్స్ పెట్టెకు నెట్‌వర్క్ సెట్టింగుల పేజీ అంటే దాదాపు ఇంతే. ఐపీవీ4 అడ్రసుకు 32 బిట్లని 1981లో ఖరారైంది, ఇప్పటికీ అన్నే. అయినా ఈ నాలుగు బాక్సులు దేంతో కట్టాలన్న చర్చ మాదాపూర్ మీటింగ్ రూముల్లో సాగే తీరు చూస్తే, పోలవరమే ముందు పూర్తవుతుందేమో అనిపిస్తుంది.

ఒకరు రియాక్ట్ అంటారు. ఇంకొకరు వ్యూ అంటారు. మొన్ననే బెంగళూరులో ఏదో కాన్ఫరెన్సుకు వెళ్లొచ్చిన మూడో ఆయన ఆ రెండూ పాతబడ్డాయని పెదవి విరిచి స్వెల్ట్ అంటాడు. డెస్క్‌టాప్ యాప్ కావాలంటే ఎలక్ట్రాన్ ఉండనే ఉంది. అందులో క్రోమియం బ్రౌజర్ మొత్తాన్ని మూటగట్టి ఇస్తారు కాబట్టి, ‘హలో’ అని చూపించి ఊరుకునే యాప్ కూడా డిస్కు మీద వంద ఎంబీ దాటుతుంది. ఆపైన బోర్డు మీద డేటాబేస్ బొమ్మ, డాకర్ బొమ్మ. నాలుగు విలువలు దాచడానికి డేటాబేస్ ఎందుకయ్యా అంటే, ‘రేపు స్కేల్ చేయాలి కదా సార్!’ పెట్టె ఒకటి, దానికి ఈథర్‌నెట్ పోర్టు ఒకటి. ఇందులో స్కేల్ చేసేదేమిటో ఆ దేవుడికే తెలియాలి.

2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో ఫ్లాష్ 4 ఎంబీ, ర్యామ్ 16 ఎంబీ. లైనక్స్ కెర్నెల్, ఫైర్‌వాల్, వైఫై డ్రైవర్, సెట్టింగుల వెబ్ పేజీ అన్నీ ఆ 4 ఎంబీలోనే సర్దుకున్నాయి. కంపెనీ మరుసటి ఏడాది బయటపెట్టిన సోర్సు కోడ్ ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. అది సెట్టింగులను ఈనాటికీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే, వరుసకొకటిగా, ఎవరైనా తెరిచి చదువుకునేలా రాసుకుంటుంది. దాని వెబ్ పేజీ లూసీ 2008లో లువా అనే బుల్లి భాషలో మొదలైంది. అసలు బ్రౌజరే అక్కర్లేదనుకుంటే టెర్మినల్‌లోనే మెనూలు గీసే విప్‌టెయిల్ ఉంది. రాస్ప్‌బెర్రీ పై కొన్నవాళ్లు రోజూ వాడే రాస్పీ-కాన్ఫిగ్ ఒక షెల్ స్క్రిప్టు, తెరమీది మెనూలన్నీ విప్‌టెయిల్ గీసినవే. నెట్‌వర్క్‌మేనేజర్‌తో వచ్చే ఎన్ఎంటీయూఐ కూడా నీలం తెర మీద బాణం మీటలతో, ట్యాబ్‌తో పని కానిస్తుంది. అయితే ‘మరీ 1995లా ఉంది’ అనే ఒక్కమాటతో వీటన్నిటినీ కొట్టిపారేస్తారు.

పోనీ, రెడీమేడ్ ప్యాకేజీలు తెచ్చుకుంటే పొరపాట్లు తగ్గుతాయా? 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల ప్యాకేజీని దాని కర్త ఎన్‌పీఎమ్ నుంచి తీసేస్తే ప్రపంచమంతటా బిల్డులు ఆగిపోయాయి. దానికన్నా ఇక్కడికి సరిగ్గా అతికేది 2021 నాటి ముచ్చట. ఐపీ రేంజిలను లెక్కగట్టడమే పనిగా పుట్టిన ‘నెట్‌మాస్క్’ ప్యాకేజీకి ముందు సున్నా ఉన్న అంకెలు చదవడం రాదని అప్పుడు బయటపడింది. పాత యూనిక్స్ ఆనవాయితీ ప్రకారం అడ్రసులో 0177 అని ఉంటే అది ఆక్టల్, అంటే 127. ప్యాకేజీ మాత్రం సున్నాను పక్కకు నెట్టి 177గా చదివింది. 127తో మొదలయ్యే సొంత మెషీన్ అడ్రసు కాస్తా బయటి అడ్రసై కూర్చుంది. 192.168.1.010 అని ఎవరైనా టైపు చేస్తే అది 10 అవ్వాలా, 8 అవ్వాలా, తప్పని చెప్పాలా? బటన్ మూలలు గుండ్రంగా ఉండాలా వద్దా అని గంటసేపు వాదించినవాళ్లు ఈ ప్రశ్న ఎత్తరు.

ఈలోగా పేజీ తయారవుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. కాకపోతే ఫాంట్లు, ఐకాన్లు ఎక్కడో ఇంటర్నెట్‌లోని సర్వర్ నుంచి దిగాలి. ఇంటర్నెట్ రావాలంటే ముందు ఈ పేజీలో సెట్టింగులు పెట్టాలి. తాళంచెవి ఇంట్లో వదిలి తలుపు లాగేసినట్టు! పెద్ద కంపెనీలు ఇంకో మెట్టు ఎక్కాయి. గూగుల్ వైఫై, ఈరో లాంటివాటిలో సెట్టింగులు మార్చే బ్రౌజర్ పేజీయే లేదు. ఫోన్‌లో యాప్ ఉండాలి, ఖాతా తెరవాలి, ఆ తర్వాతే ఇంట్లో ఉన్న రౌటర్‌తో మాట్లాడాలి.

‘సేవ్’ నొక్కాక ఏమవుతుందన్నదే అసలు తలనొప్పి. నొక్కగానే పెట్టె కొత్త అడ్రసుకు మారిపోతుంది, బ్రౌజర్ పాత అడ్రసు దగ్గరే చక్రం తిప్పుతూ కూర్చుంటుంది. గేట్‌వేలో ఒక్క అంకె తప్పు పడి, ఆ పెట్టె ఏ సబ్‌స్టేషన్‌లోనో ఉంటే, కన్సోల్ కేబుల్ పట్టుకుని మనిషి బయల్దేరాల్సిందే. ఉబుంటులోని నెట్‌ప్లాన్‌కు ఈ బాధ తెలుసు. ‘నెట్‌ప్లాన్ ట్రై’ అంటే 120 సెకన్లు చూసి, సరేనని ఎవరూ చెప్పకపోతే పాత సెట్టింగులకు వెళ్లిపోతుంది. జునిపర్ రౌటర్లలో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ మామూలుగా పది నిమిషాలు ఆగుతుంది. లూసీ కూడా పెట్టె మళ్లీ అందకపోతే వెనక్కి తిప్పేస్తుంది. పాత ఫైలు కాపీ చేసిపెట్టుకోవడం, టైమర్ పెట్టడం, జవాబు రాకపోతే కాపీని తిరిగి పెట్టడం: షెల్‌లో నాలుగు వరుసల పని.

షెల్ అనగానే చంకలు గుద్దుకోనక్కర్లేదు. బాక్సులో టైపు చేసినదాన్ని ఉన్నపళంగా కమాండులో అతికిస్తే కొంప మునుగుతుంది. 2016 డిసెంబరులో కొన్ని నెట్‌గేర్ రౌటర్లలో బ్రౌజర్ అడ్రసు చివర సెమీకోలన్ పెట్టి ఏ కమాండైనా నడిపించవచ్చని తేలింది. మరమ్మతు వచ్చేదాకా వాటిని వాడకండని అమెరికాలోని సెర్ట్ సంస్థ చెప్పాల్సి వచ్చింది. ఆ రంధ్రం పూడ్చడానికి కావలసింది టైపు చేసినదాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని వడగట్టడం. పేజీని రియాక్ట్‌లో కట్టినా, వెనక ఈ వడపోత లేకపోతే రంధ్రం రంధ్రంలానే ఉంటుంది.

వడపోత, వెనక్కి తిప్పడం ఎక్కడున్నాయని ప్లానింగ్ షీటులో వెతికితే ఫేజ్ టూలో కనిపిస్తాయి. ఫేజ్ వన్ నిండా డార్క్ మోడే.