మా మేనమామ యింటి వయస్సు

మదనపల్లెలో మా మేనమామకొక మేడ కలదు. దాని వయస్సెంతయని యడిగినచో ఆయన వెంటనే చెప్పడు. అడిగినవారెవరో ముందు తెలిసికొనును. అరుగుమీద కూర్చున్నది పెండ్లివారైనచో అది నిన్న మొన్న గృహప్రవేశమైన యిల్లు. బిల్ కలెక్టరు గేటు తీసిన చప్పుడు వినబడెనా, ఆ గోడలకు తత్క్షణమే వార్ధక్యము ప్రాప్తించును, సానుభూతిగా మామకు దగ్గును వచ్చును.

ఇది వట్టి నటన కాదు, శాస్త్రజ్ఞానము. పూర్వము పురపాలక సంఘమువారు, ఇల్లు బాడుగకిచ్చిన ఏడాదికెంత వచ్చునో అంచనా కట్టి, 25 ఏండ్ల లోపు కట్టడమునకు నూటికి 10, 40 లోపు దానికి 20, అంతకు మించినదానికి 30 తగ్గించి పన్ను వేసెడివారు. తిథివారములు తెలియని మామకు ఈ వరుస కంఠస్థము. కావుననే తాతగారి నాటి దూలమొకటి, ఏ పనికిని రానిది, వసారాలో నిలిపి, "చూడు సార్, మా నాయన పుట్టకముందుది ఇది" అనెడివాడు. ఇక ఆయన చెప్పు బాడుగకును, మేడమీదివాడు చెల్లించు బాడుగకును పుంగనూరు ఆవుకును ఒంగోలు గిత్తకును ఉన్నంత భేదము.

2021 ఏప్రిల్ 1 నుండి బాడుగ లెక్క పోయి, రిజిస్ట్రేషన్ శాఖవారి మార్కెట్ విలువమీద నివాసగృహములకు నూటికి 0.10 మొదలు 0.50 దాక పన్ను రాగా, దగ్గు నిష్ఫలమయ్యెను. ఏటి పెంపు నూటికి 15 దాటరాదని నేనూరడింపగా, "పదైదు ఊరికే వస్తాదా అల్లుడా?" అని కసరెను. పైగా కుప్పము పంచాయతీగా నున్ననాడు కొన్న స్థలమొకటి అమ్మజూపుచున్నాడు. అచ్చట మాత్రము సర్కారు విలువ పెరుగవలెను. "మదనపల్లెలో తగ్గించి కుప్పంలో పెంచితే గవర్మెంటుకేం నష్టం?" అని ఆయన యడుగునపుడు నాకును సమాధానము తోచదు.

అయినను ఆయన బకాయిదారుడు కాడు. నూటికి 5 రిబేటుకై ఏప్రిల్ 30 లోపలనే ఏడాది పన్నంతయు కట్టి, కట్టనివారిని వీధిలో నిలిపి మందలించును.

పుంగనూరులో పిత్రార్జితపు టింటిలో తమ్ముని భాగము తానే కొనదలచి, పాత పన్ను రసీదు చూపి "ఇంతే దీని బతుకు" అనెను. తమ్ముడు మాత్రము తక్కువవాడా? రిజిస్ట్రారాఫీసు విలువ కాగితము తెచ్చి ముందర పెట్టెను. పంపకము నేటికిని తేలలేదు. పన్ను మాత్రము చెరిసగము కట్టుచున్నారు, ఏప్రిల్ నెలలోనే.