మూడేళ్లాగితే పాత పుస్తకమే తాజా

హిందూపురంలో పొద్దున్నే బెంగళూరు రైలెక్కే కుర్రాళ్ల సంచుల్లో లావుపాటి కంప్యూటర్ పుస్తకాలుంటాయి. కొత్తవి కొనడానికి జేబు ఒప్పుకోదు కాబట్టి చాలావరకు బెంగళూరు అవెన్యూ రోడ్డు సెకండ్ హ్యాండ్ సరుకే. పుస్తకం పాతబడిందని దిగులు పడొద్దండి నాయనా. ఓపిక పడితే మైక్రోసాఫ్ట్ వారే దాన్ని మళ్లీ తాజా చేసిపెడతారు, పైసా తీసుకోకుండా.

వేళాకోళం కాదు. ఆఫీస్ 365లో కొత్త హంగులు తయారవగానే అందే వరుసను మొదట కరెంట్ చానల్ అన్నారు. 2017లో అది మంత్లీ చానల్ అయింది. 2020లో మళ్లీ కరెంట్ చానల్! నడుమ బుద్ధిగా పేరు దిద్ది కొత్త ముద్రణ వేసిన రచయిత తప్పులో పడ్డాడు. బద్ధకించి ఊరుకున్నవాడు నెగ్గాడు.

విండోస్ 10 కథ ఇంకా రంజు. 2015లో కరెంట్ బ్రాంచ్, దాని వెనకే కరెంట్ బ్రాంచ్ ఫర్ బిజినెస్. రెండేళ్లకు బ్రాంచ్‌లు పోయి సెమీ యాన్యువల్ చానల్ వచ్చింది, 'టార్గెటెడ్' తోకతో ఒకటి, తోక లేకుండా ఒకటి. 2019లో తోక కోశారు. 2021లో జనరల్ అవైలబిలిటీ చానల్ అన్నారు. ఇన్ని నామకరణాలైనా సరిగ్గా బిల్లు కొట్టే వేళకు కంప్యూటర్ 'అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు' అనడం మాత్రం మానలేదు.

పేర్ల సరదా మైక్రోసాఫ్ట్ ఒక్కరిదే కాదు. ఒరాకిల్ వారి సపోర్ట్‌కు మూడు మెట్లు: ప్రీమియర్, ఎక్స్‌టెండెడ్, సస్టెయినింగ్. మూడోదంటే నాకు మహా ముచ్చట. దానికి గడువు లేదు, డబ్బు కట్టినంతకాలం సాగుతుంది. కొత్తగా బయటపడిన లోపానికి ప్యాచ్ మాత్రం రాదు. ధర్మవరం చీరల వ్యాపారికి ఈ విద్య అబ్బలేదు పాపం. జరీ నల్లబడిందని వచ్చినావిడతో "మీ చీర సస్టెయినింగ్‌లో ఉందమ్మా, ఏటా రుసుం కట్టండి, జరీ సంగతి అడక్కండి" అని చూడమనండి!

పేర్లు అసలు మారకూడదనను. 2022 ఏప్రిల్ 4న మా హిందూపురం, ధర్మవరం, పెనుకొండ మూడూళ్లూ అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. అంతకుముందు ముసాయిదా వేసి, అభ్యంతరాలకు 30 రోజులిచ్చారు. జిల్లా కేంద్రం మాకే కావాలని హిందూపురం రోడ్డెక్కింది, ఎమ్మెల్యే బాలకృష్ణ మౌనదీక్షకు కూర్చున్నారు. కేంద్రం పుట్టపర్తికే పోయిందనుకోండి. అయినా అడగడానికో గుమ్మం ఉండింది. కలెక్టరాఫీసే మారింది కాబట్టి జనరల్ నాలెడ్జ్ పుస్తకం మళ్లీ అచ్చేసినా అర్థముంది. మరి చానల్ పేరు మార్చేటప్పుడు ఎవరిని అడిగారు? పెనుకొండలో కంప్యూటర్ సెంటర్ నడుపుకునే మాస్టారు ధర్నాకు మైక్రోసాఫ్ట్ వారుండే రెడ్‌మండ్ దాకా పోవాలా?

ప్రచురణకర్తలకు ఈ గోలంతా పండగే. పేర్లున్న ఒక్క పేజీ దిద్ది, అట్ట రంగు మార్చి 'సమూలంగా సవరించిన ముద్రణ' అంటారు. చదివేవాడికి కావలసినవి రెండే: ప్యాచ్‌లు ఎన్నాళ్లొస్తాయి, ఆ తర్వాత ఎంత కట్టాలి. పుస్తకం వాటినే పట్టుకుని, పేర్లన్నీ తేదీతో సహా చివరి పేజీలోకి తోసేస్తే సరి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. దీన్ని సిరాతో రాసుకోండి. ఆపైన తెరిచిన గదికి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని బోర్డు కట్టారు. అది మాత్రం పెన్సిల్‌తో.