గోడకు మొహం పెట్టిన కనెక్టరు

మోటరు స్టార్టర్ బోర్డు మీద మూడు ఫేజుల వైర్లు బిగించే కనెక్టరును డబ్బా గోడ వైపు తిప్పి పెట్టిన మహానుభావుణ్ణి నాకు ఒక్కసారి చూడాలనుంది. కొట్టడానికి కాదు. చేతికి స్క్రూడ్రైవరిచ్చి, "బాబూ, నువ్వే బిగించు" అందామని. బోర్డుకు వంక పెట్టడానికి లేదు. పచ్చగా నిగనిగలాడుతోంది, సోల్డరింగ్ ముత్యాలు పేర్చినంత శుభ్రం. కానీ వైరు దూరాల్సిన నోరు గోడ వైపు ఉంది. గోడకూ ఆ నోటికీ మధ్య చిటికెన వేలు పట్టని సందు. వైరు ఆ సందులోకి దిగి, అక్కడ వంగి, వెనక్కి తిరిగి, కన్నం వెతుక్కుని దూరాలి. రాగి తీగకు అంత తెలివే ఉంటే నా కొట్టెందుకు, ఈ స్టార్టరెందుకు?

కొన్నాళ్లుగా ఇదే ధ్యాస. అన్నం ముందు కూర్చున్నా అదే, పడుకున్నా అదే. ఆర్మూర్‌లో మోటరు స్టార్టర్ల బోర్డులు బాగుచేసి బతికేవాణ్ణి. నా గిరాకీలో ఎక్కువమంది పసుపు రైతులు. తొలకరికి పెట్టిన పసుపు సంక్రాంతి దాటేదాకా భూమిలోనే ఉంటుంది. అన్నాళ్లూ దానికి తడి ఆరకూడదు. అందుకే మోటరు ఆగిందంటే రైతు ఫోన్ చేయడు, డబ్బా మొత్తం విప్పి బండి మీద పెట్టుకుని వచ్చేస్తాడు. "అన్నా, జెర జల్ది చూడు, మడి ఎండుతుంది" అని నా ఎదుటే నిలబడతాడు. నేను జల్దిగా చూద్దామంటే కనెక్టరు గోడను చూస్తోంది.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో బోర్డులు గీసే పనిలోనే ఉన్నాడు. ఈ బోర్డు వాడు గీసింది కాదు. అయినా ఫోటో తీసి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"మంచిగనే ఉంది కదా మామా!"

"వైరు ఎట్ల పెట్టాల్రా దాంట్ల?"

"బోర్డు బయట పెట్టి చూడు, అల్కగ పోతది."

"బోర్డు డబ్బాల ఉంటదిరా."

"డబ్బా వేరే టీం చూస్తది మామా."

వీళ్ల ఆఫీసుల్లో ఉన్న చిక్కంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. బోర్డుకు ఒక టీం, డబ్బాకు ఒక టీం, సాఫ్ట్‌వేర్‌కు ఒక టీం. బల్లికి మాత్రం టీం లేదు.

అవును, బల్లి. ఏ భుజం మీద పడితే లాభం, తల మీద పడితే ఏమవుతుంది అని పంచాంగంలో పట్టికలు వేసి మరీ రాశారు. ఆర్ ఫేజుకూ వై ఫేజుకూ అడ్డంగా పడితే ఏమవుతుందో ఏ సిద్ధాంతీ రాయలేదు. నేను రాయగలను. బల్లికి మోక్షం, బోర్డుకు మసి, రైతుకు నష్టం, నాకు ధనలాభం. చలికాలంలో బోర్డు మీద ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వెచ్చగా ఉంటుంది, బల్లి అక్కడే కాపురం పెడుతుంది. ఇక చీమలకు రిలేలంటే ప్రాణం. వైర్లు దూర్చడానికి డబ్బాకు కింద పెద్ద కన్నం పెట్టి, దాన్ని మూసే రబ్బరు బిరడా ఇవ్వడం మరిచిపోయిన ఏ డబ్బా అయినా వాటికి సత్రమే.

మిగతా బాధలు కూడా చెప్పి గుండె బరువు దించుకుంటాను.

ఇప్పుడంతా ఫోన్ చేస్తే మోటరు నడిచే స్టార్టర్లు. లోపల సిమ్ కార్డు వేసుకునే చిన్న మాడ్యూల్ ఉంటుంది. టవరుతో మాట్లాడేటప్పుడు అది ఉన్నట్టుండి రెండు ఆంపియర్ల దాకా గుంజుతుంది. గుంజేది సెకనులో వెయ్యో వంతు కూడా కాదు, అయినా గుంజుతుంది. దానికి కరెంటు మోసుకెళ్లే రాగి గీత ఎంత వెడల్పుండాలి? మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. మిల్లీమీటరు వెడల్పు గీత గీస్తే రెండు ఆంపియర్లు కాస్త వేడెక్కుతూనైనా మోస్తుంది. వీళ్లు గీసేది పావు మిల్లీమీటరు. అదీ తిన్నగా కాదు, బోర్డంతా ఊరేగించి. ఎవరయ్యా గీసింది అంటే ఆటో రూటర్ అంటారు. బటన్ నొక్కితే గీతలన్నీ కంప్యూటరే వేస్తుందట. ఈ కొస నుంచి ఆ కొసకు చేర్చడమే దాని పని. ఏ గీతలో ఎంత కరెంటు పోతుందో మనిషి చెప్పకపోతే దానికేం పట్టింది? అందుకే రైతు వచ్చి, "అన్నా, రింగయితుంది, ఎత్తంగనే సచ్చిపోతుంది" అంటాడు. నేను ఆ గీత మీద లావు తీగ పరిచి సోల్డర్ చేసి, మాడ్యూల్‌ను ఆనించి వెయ్యి మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడతాను. అప్పుడు బతుకుతుంది.

కెపాసిటర్ అంటే గుర్తొచ్చింది. ప్రతి చిప్పుకూ పక్కన ఒక చిన్న కెపాసిటర్ పెట్టాలని పుస్తకంలో ఉంటుంది. పెడతారు. చిప్పు ఈ మూల, అది ఆ మూల. చిప్పుకు దాహమేసినప్పుడు చెంబు చేతికందాలి, చెంబు చెరువు గట్టు మీద ఉంటే దప్పిక తీరుతుందా? పవర్ కాలుకు ఎంత దగ్గరగా పెడితే అంత పుణ్యం. పెద్ద కెపాసిటర్లను మాత్రం కాలిపోయే రెగ్యులేటర్‌కు ఆనించి పెడతారు, అక్కడ జాగా కలిసొచ్చిందని. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుంది. మే నెలలో మా దగ్గర నీడలోనే నలభై దాటుతుంది. ఎండలో నిలబడ్డ ఇనప డబ్బా లోపలి సంగతి అందులో చెయ్యి పెట్టినవాడికి తెలుసు, ఏసీ గదిలో గీసినవాడికి తెలియదు. ఆ ఇనప డబ్బా లోపలే సిగ్నల్ యాంటెన్నా పెట్టే ఘనులు కూడా ఉన్నారు, వాళ్ల గురించి ఇక్కడ రాస్తే పత్రిక వాళ్లు అచ్చు వేయరు.

చిప్పు మీద పేరు గీకేస్తారు, ఎవరో కాపీ కొడతారని భయం. ఆ శ్రద్ధలో సగం ఏ వైరు ఎక్కడ పెట్టాలో రాయడంలో చూపిస్తే బాగుండు. రాయలేదనడం అన్యాయం. రాశారు. రిలే కింద రాశారు. చదవాలంటే రిలే ఊడదీయాలి.

ఇంకో చిన్న కోరిక. బోర్డు మీద రెండు టెర్మినళ్లు ఖాళీగా వదలండి. ఇవాళ మోటరు ఒక్కటే అన్న రైతు రేపు తొట్టి నిండితే దానంతటదే ఆగాలంటాడు, ఎల్లుండి గట్టు మీద బల్బు కావాలంటాడు. ముందుచూపుతో జాగా వదలడం విలువ మా నిజామాబాద్ వాళ్లకు తెలిసినంత దేశంలో ఎవరికీ తెలియదు. 2019 లోక్‌సభ ఎన్నికలు గుర్తున్నాయి కదా? పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలి, పసుపు బోర్డు కావాలి అంటూ 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేశారు. బరిలో మొత్తం 185 మంది తేలారు. పాత రకం ఓటింగ్ యంత్రానికి నాలుగు బ్యాలెట్ యూనిట్లకు మించి తగిలించడానికి లేదు. ఒక్కోదానికి 16 బటన్లు. నాలుగు పదహార్లు 64. మా రైతులు ఆ లెక్కను ఎప్పుడో దాటేశారు. ఇక కాగితం బ్యాలెట్టే గతి అని ఊరంతా అనుకుంది, దుప్పటంత బ్యాలెట్‌ను ఎన్ని మడతలు పెట్టాలో టీ కొట్టు దగ్గర పందేలు కూడా నడిచాయి. కానీ ఎం-3 అని కొత్త తరం యంత్రం ఒకటి ఉంది. దానికి 24 యూనిట్లు గొలుసుకట్టుగా తగిలించవచ్చు, 384 పేర్లు పడతాయి. అది గీసిన ఇంజినీరు ఎవరో గానీ, ఒక్క నియోజకవర్గంలో ఇంతమంది నిలబడే రోజు వస్తుందని ఊహించి జాగా వదిలాడు. అలాంటివాడి కాళ్లకు మొక్కాలి.

లెక్క నేను మా కొట్టు బల్ల మీద సుద్దముక్కతో వేశాను. 185 మందికి నోటా కలిపితే 186. పదకొండు పదహార్లు 176. ఇంకా పది మిగిలాయి, కాబట్టి పన్నెండో యూనిట్. ఒక్క కంట్రోల్ యూనిట్‌కు పన్నెండు! ఏప్రిల్ 11న ఓటేయడానికి వెళ్తే అందరూ గుర్తుల కోసం వెతుక్కుంటున్నారు. నేను ఒక్కణ్ణే వంగి యూనిట్ల వెనక చూస్తున్నాను.

"ఏం దేవులాడుతున్నరు?" అని అవతలి నుంచి పోలింగ్ ఆఫీసరు కేక.

"కనెక్టరు."

"ఆ గుర్తు ఎవ్వలికి ఇయ్యలే. జల్ది ఒత్తి రాండ్రి, లైను పెరుగుతుంది."

బరిలో నిలబడ్డ రైతుల్లో ఒకాయన నా గిరాకీయే. తన పేరు ఏ యూనిట్‌లో ఉందో ఆయనకే దొరకలేదు. చివరికి దొరికింది, ఒత్తాడు. వీవీప్యాట్‌లో చీటీ ఏడు సెకన్లు కనపడుతుంది. ఆయన జేబులోంచి అద్దాలు తీసి, తుడుచుకుని, పెట్టుకునేసరికి చీటీ కింద పడిపోయింది. "నాకు నేను ఓటేసుకున్ననో లేదో ఇప్పటికి డౌటే" అంటాడు. ఇంత కథ దేనికంటే, రెండు ఖాళీ టెర్మినళ్ల కోసం. వాళ్లడిగిన పసుపు బోర్డు 2025 సంక్రాంతికి మొదలైంది. దాదాపు ఆరేళ్లు. నా టెర్మినళ్లు అంతకంటే ముందు వస్తాయన్న ఆశ నాకు లేదు.

అన్నిటికంటే మించిన తప్పు సందు. ఫేజుకూ ఫేజుకూ మధ్య 415 వోల్టులు. ఆ రెండు గీతల మధ్య బోర్డు మీద మిల్లీమీటరున్నర వదులుతారు. కొత్త బోర్డుకు, పొడి గదిలో, అది నడుస్తుంది. పొలంలో ఆ మిల్లీమీటరున్నరలో దుమ్ము పేరుకుంటుంది, వానాకాలం ఆ దుమ్ము తడుస్తుంది, తడిసిన దుమ్ము మీదుగా కరెంటు పాకుతుంది. దుమ్మూ తేమా ఉన్న చోట ఆరు మిల్లీమీటర్లు తగ్గకుండా వదలాలి. జాగా లేకపోతే రెంటి మధ్య బోర్డును చీలికగా కోసేయాలి, దుమ్ము కూర్చోవడానికి చోటే ఉండదు. ఫేజు కరెంటు ఒక పక్క, అయిదు వోల్టులు ఇంకో పక్క, మధ్య సరిహద్దు దాటి ఒక్క గీత కూడా పోకూడదు. బోర్డు బిగించే ఇనప స్క్రూ తల కింద నుంచి ఫేజు గీత అసలు పోకూడదు. పోతే ఆ ఫేజు డబ్బాకొస్తుంది.

డబ్బాకు వస్తే ఏమవుతుందో మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో పొలాలకు కరెంటు ముక్కలు ముక్కలుగా వచ్చేది, అందులో ఒక ముక్క అర్ధరాత్రే. టార్చి పట్టుకుని, తడి కాళ్లతో, తడి చేత్తో డబ్బా తెరిచేవాళ్లు. ఆ తిప్పలు పడలేకే, కరెంటు రాగానే తనంతట తాను మోటరు నడిపే ఆటో స్టార్టర్లు ఊరూరా వెలిశాయి. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతా పొలాలకు 24 గంటల కరెంటు వచ్చింది. అన్ని మోటర్లూ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్లు ఆగవు, ఆటో స్టార్టర్లు తీసేయండని అధికారులు ఊళ్ల వెంట తిరిగి చెప్పారు. ఈ లోపల ఆ డబ్బాలు తెరవబోయి ఇంటికి రానివాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. వాళ్లలో ఒకాయన స్టార్టర్ బాగుచేసిన డబ్బులు నాకింకా బాకీ. అడగలేదు, అడగను. ఆ డబ్బా గీసినవాడికి ఈ సంగతి తెలియదు. చెడ్డవాడై కాదు, చెప్పినవాడు లేక. గీసేవాడు డబ్బా తెరవడు. తెరిచేవాణ్ణి ఎవరూ అడగరు. అడిగించుకోవాలంటే 170 మంది నామినేషన్ వేయాలి.

నేను నామినేషన్ వేసే ఓపికలో లేను కాబట్టి మా మేనల్లుడికి ఒక ఉపాయం చెప్పాను. బోర్డు తయారీకి పంపేముందు దాన్ని అసలు సైజులో కాగితం మీద అచ్చు తీయమన్నాను. ఆ కాగితాన్ని అట్ట మీద అంటించి, కనెక్టర్లూ రిలేలూ దాని మీద కూర్చోబెట్టి, అసలు డబ్బాలో పెట్టి, అసలు వైర్లు అసలు చేతులతో బిగించి చూడమన్నాను. ఖర్చు ఒక జిరాక్సు. కంప్యూటర్ త్రీడీ బొమ్మలో కనపడనివన్నీ అందులో కనపడతాయి. అట్టా డబ్బా పట్టుకుని మే నెలలో ఇక్కడికే రమ్మన్నాను. మధ్యాహ్నం పన్నెండింటికి అంకాపూర్ పొలం గట్టు మీద మూడు వైర్లు బిగించి చూపిస్తే, అంకాపూర్ నాటుకోడి ఖర్చు నాది.

వాడు కాసేపు ఆలోచించి, "మేల వద్దు మామా, డిసెంబర్‌ల వస్త" అన్నాడు. సరే రమ్మన్నాను. చలికాలమైతే బల్లులన్నీ డబ్బాలోనే ఉంటాయి, వాటినీ ఒక మాట అడిగిపోవచ్చు.