ఆర్ ట్రూ మహిమ

క్లీన్ లాగ్ ఉద్యమం మా టీముకీ వచ్చేసింది. పైప్‌లైన్ లాగ్‌లో ఇక అక్షరం ముక్క కనిపించకూడదట. గిట్ కమాండు కనిపించిన చోటల్లా స్టాండర్డ్ ఎర్రర్‌ని డెవ్ నల్‌లోకి మళ్లించి, చివర "ఆర్ ట్రూ" అని ఓ తాయెత్తు కట్టారు. డెమోలో చప్పట్లు కూడా పడ్డాయి.

ఆర్ ట్రూ మహిమ ఎంత చెప్పినా తక్కువే. క్లోన్ ఫెయిలైందా? ట్రూ. బ్రాంచే లేదా? ట్రూ. పుష్‌ని సర్వరు తిప్పికొట్టిందా? అదీ ట్రూయే. హరిశ్చంద్రుడు కూడా ఇన్నిసార్లు సత్యం పలికి ఉండడు.

ఓ మహానుభావుడు యాడ్, కమిట్, పుష్ మూడింటికీ కట్టాడు. కమిట్ పడకపోయినా పుష్ నడుస్తుంది. పంపడానికి కొత్తదేమీ లేదు కనక "అంతా అప్‌టుడేట్" అంటుంది. ఆ మాటా డెవ్ నల్‌లోకే. పైన పచ్చ టిక్కు!

ఇంకొకాయన స్క్రిప్టు మొదట్లో సెట్ మైనస్ ఈ పెట్టి, కింద ప్రతి లైనుకీ ఆర్ ట్రూ తగిలించాడు. తప్పు జరిగితే ఆగమని మొదటి లైను. అసలు తప్పే జరగలేదని తక్కినవన్నీ.

మార్పులున్నాయా అని అడిగితే డిఫ్ క్వైట్ నోరు మెదపదు. ఉంటే 1, లేకపోతే 0 ఇచ్చి ఊరుకుంటుంది. దానికీ ఆర్ ట్రూ! అడిగిందెందుకు, జవాబు పూడ్చిందెందుకు?

బ్రాంచి మారానన్న కబురు కూడా గిట్ స్టాండర్డ్ ఎర్రర్‌లోనే చెబుతుంది. ఆ చిరాకు నాకూ ఉంది. అలాంటి కబుర్లు ఆపడానికే మైనస్ క్యూ ఉంది.

ఇక నవ్వు చాలు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన గిట్ 2.35.2, భద్రత కోసం, ఫోల్డరు వేరే యూజరు పేరు మీద ఉంటే పనిచెయ్యనని మొరాయించింది. కంటెయినర్లలో నడిచే బిల్డులు ఎన్నో అక్కడ పడ్డాయి. ఊరికే మొరాయించలేదు. సేఫ్ డైరెక్టరీ జాబితాలో చేర్చడానికి ఏ కమాండు కొట్టాలో పొల్లుపోకుండా చెప్పింది. మన స్క్రిప్టు ఆ మాటే నొక్కేసింది. వెర్షన్ నంబరు చెప్పాల్సిన గిట్ డిస్క్రైబ్ ఖాళీగా వచ్చింది, ఆ నంబరు లేకుండానే బిల్డు బయటికెళ్లింది. కస్టమరు దగ్గర ఏ కోడుందో తెలియక రాత్రంతా కూర్చున్నది లాగ్ కడిగినవాళ్లా? మేం!

ఇకమీదట నా రివ్యూకి వచ్చే స్క్రిప్టులో ఆర్ ట్రూ ఉంటే, ఏ తప్పు వచ్చినా పరవాలేదో, ఎందుకు పరవాలేదో పక్కనే రాసుండాలి. రాయలేకపోతే స్క్రిప్టును అక్కడే చావనివ్వండి. కనీసం ఎక్కడ చచ్చిందో తెలుస్తుంది.