అంచు వంతు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: సున్నపు బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్ల చుట్టూ మిర్చి, పత్తి చేలు. ఈ పద్యం పుట్టింది మిర్చి కొట్లో. కవి గుమస్తా, కావ్యం పట్టీ పుస్తకం, ఛందస్సు ఆటవెలది. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని కోలాచలం మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు మొదటి నియమానికి కట్టుబడతాడు. రెండోదానికి పూచీ లేదు.

మూలం:

అడ్డు వరుస కూడి యంచున వ్రాయుము
నిలువు గళ్లు కూడి నేల నిలుపు
మూల గడిని బెట్టి మొత్తము, భాగింప
నంచు వంతు దేలు నరలు మరచి

ప్రతిపదార్థం: అడ్డు వరుస = ఒక రకం మిర్చికి చెందిన లెక్కలున్న వరుసను; కూడి = కూడిక చేసి; అంచున = పట్టికకు కుడి చివర; వ్రాయుము = రాయి; నిలువు గళ్లు = పైనుంచి కిందికి ఉన్న గళ్లను; కూడి = మళ్లీ కూడి (పునరుక్తి దోషం కాదు, గుమస్తాకు రెండుసార్లు కూడక తప్పదు); నేల = పట్టిక అడుగున (కళ్లం అని అర్థం చెప్పరాదు); నిలుపు = ఉంచు; మూల గడిని = కుడివైపు కింది గడిలో (కాగితానికి పైభాగం ఉత్తరమైతే ఇది ఆగ్నేయం, మిర్చికి తగిన మూలే); మొత్తము = అన్నిటి మొత్తాన్ని; పెట్టి = ఉంచి; భాగింప = అంచుల్లోని అంకెలను దానితో భాగిస్తే; అంచు వంతు = పాఠ్యపుస్తకాలు ఉపాంత సాపేక్ష పౌనఃపున్యం అనేది; తేలు = బయటపడుతుంది; అరలు = లోపలి గళ్లను; మరచి = మరిచిపోయి.

ఉదాహరణ: గుంటూరు యార్డుకు బయల్దేరిన లారీలో 150 టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్నాయనుకోండి. తేజ రకంలో మేలు కాయ 81, తాలు 9, అంచున 90. 334 రకంలో మేలు 39, తాలు 21, అంచున 60. నేలన మేలు 120, తాలు 30. మూల గడిలో 150. ఇక భాగించండి: తేజ రకం 0.60, 334 రకం 0.40, మేలు 0.80, తాలు 0.20. కుడి అంచు వంతులు కలిపితే 1 రావాలి, కింది అంచు వంతులు కలిపినా 1 రావాలి. రాకపోతే తప్పు కవిది కాదు.

పూర్వపక్షం: తేజ తాలు 9ని తేజ మొత్తం 90తో భాగిస్తే పదో వంతు వస్తుంది. అదీ వంతే కదా, అంచు వంతని ఎందుకనరాదు?

సిద్ధాంతం: అనరాదు. 'తేజ అయితే' అనే షరతు పెట్టి తీసిన వంతు అది. పద్యంలో భాగించేది మూల గడి ఒక్కదానితోనే. 9ని 150తో భాగించి 0.06 అన్నా అంచు వంతు కాదు, అది లోపలి గడి వంతు. అంచు వంతు భిన్నంలో పైన అంచు మొత్తమే ఉండాలి.

విశేషం: పద్యానికి ప్రాణం చివరి రెండు మాటలు, 'అరలు మరచి'. తాలు 0.20 అన్నది నిజమే. ఎవరి తాలు అన్నది అందులో లేదు. తేజలో 18, 334లో 12 తాలు టిక్కీలున్నా ఇవే అంచులు. తేజలో ఒక్కటీ లేక 30కి 30 టిక్కీలూ 334 రకంలోనే ఉన్నా ఇవే అంచులు. అరల నుంచి అంచుకు దారి ఉంది. అంచు నుంచి అరలకు లేదు. అందుకే 'లారీలో అయిదో వంతు తాలు' అని రెండు రకాలకూ ఒకే కోత వేస్తే, పదింట ఒక టిక్కీ మాత్రమే తాలున్న తేజ రైతు పక్కవాడి తాలుకు కూడా ధర చెల్లిస్తాడు.

ఈ మరపు మన యార్డుకే పరిమితం కాదు. 1973లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పైచదువులకు దరఖాస్తు చేసిన మగవారిలో సుమారు 44 శాతం, ఆడవారిలో 35 శాతం మందికి సీట్లొచ్చాయి. వివక్ష అనిపించింది. శాఖలవారీగా విడదీసి చూస్తే, ఆడవారు సీట్లు దొరకడం కష్టమైన శాఖలకే ఎక్కువగా దరఖాస్తు చేశారని తేలింది.

మరో చిత్రం: అరలు కదలకుండానే అంచు మారవచ్చు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. పిడుగురాళ్ల చేలు ఉన్నచోటే ఉన్నాయి. అంతకుముందు గుంటూరు వరుసలో కలిసే వాటి లెక్క ఇప్పుడు పల్నాడు వరుసలో కలుస్తోంది. కనుక 'గుంటూరు జిల్లా వాటా తగ్గింది' అని ఎవరైనా అంటే, పంట తగ్గిందా, గీత జరిగిందా అని ముందు అడగాలి.

అలంకారం: స్వభావోక్తి. ఉన్నదున్నట్టు చెప్పి, మరిచినదాన్ని కూడా మరిచానని ఒప్పుకున్నాడు గనుక.

ఫలశ్రుతి: ఈ పద్యం కంఠతా పట్టి మూల గడితో భాగించిన విద్యార్థికి మార్కులు దక్కుతాయి. 'తాలు ఇరవై శాతం' అనగానే 'ఏ రకంలో ఎంత?' అని అడిగిన రైతు బేరానికి ఆధారం దొరుకుతుంది. అడగనివాడికి పట్టీ మాత్రమే దక్కుతుంది.